రాతి మీద ఆఖరి వరస

ఏప్రిల్ 1

ఇందుమూలముగా పోర్ట్‌గారిన్ వాస్తవ్యులకు, వారి పిల్లులకు, ఇళ్ల కప్పుల మీద కూర్చుని అరిచే సముద్రపు కాకులకు తెలియజేయడమేమనగా: రాబర్ట్ మెయిర్ అనబడు నా యొక్క ఎడమ మేజోడు, కుడి మేజోడు ఈ ఉదయం నుంచి వేరు కాపురం పెట్టినవి. ఒకటి నీలం, ఒకటి బూడిద. ఇకపై వాటిని జత అని పిలిచినవారు శిక్షార్హులు. మరియు మా టీ కెటిల్ మూత కనబడుటలేదు. ఆచూకీ చెప్పినవారికి మూత లేని కెటిల్ బహుమానం. ఇట్లు, ఇంటి యజమాని, ఇంటి నౌకరు, ఇంట్లో ఉన్న జనాభా మొత్తం.

ఈ డైరీ నాది కాదు. జెస్సీది. ప్రతి ఏడూ ఒకటి తెప్పించుకుని అందులో పోటు వేళలు, గాలి దిక్కు, ఎవరింట్లో బిడ్డ పుట్టిందో రాసుకునేది. ఈ ఏటిది తను పోకముందే చెప్పి పెట్టింది. జనవరిలో పోస్టులో వచ్చింది, అట్ట మీద తన పేరుతో. అప్పట్నుంచీ రొట్టెల డబ్బా మీదే ఉంది.

ఇవాళ మా ఊళ్లో ఎదుటివాణ్ణి వెర్రివాణ్ణి చేసే రోజు. అంటే నా పండగ. పోయినేడు ఈ రోజున జెస్సీ టీలో ఉప్పు కలిపాను. ఒక గుక్క తాగింది, "బావుంది" అంది, కప్పు ముందుకు తోసి ఇంకొంచెం పొయ్యమంది. నేనే ఓడిపోయాను. ఈ ఏడు ఎవరికి కలపను? నా దాంట్లోనే కలుపుకున్నాను.

ఏమీ బాగోలేదు.

ఏప్రిల్ 3

ఈసీ వచ్చింది, జెస్సీ అక్క. చేతిలో పొగచేప సూపు గిన్నె, నోట్లో మామూలు సరంజామా.

"ఏం మరిదీ, బతికే ఉన్నావా? మీ పొగగొట్టంలోంచి పొగ రావట్లేదు, చూసి పోదామని వచ్చా."

"పొగ రాకపోతే పోయినట్టా వదినా? నీ నోట్లోంచి రోజంతా వస్తుంది, నువ్వు నిజంగా బతికున్నట్టేనా?"

"ఆ మేజోళ్లేంటి?"

"విడాకులు."

గిన్నె బల్ల మీద పెట్టి కూర్చుంది. ఇక అసలు సంగతి వస్తుందని అర్థమైంది. వచ్చింది.

"ఆలిక్ మళ్లీ అడిగాడు. దాని సమాధి రాయి నవంబర్ నుంచి వాడి షెడ్డులో పడుంది. అక్షరాలు ఎప్పుడు చెక్కమంటావని. జెస్సీ పేరు కింద ఎంత జాగా వదలాలని."

"అస్సలు వదలొద్దను. అది చేసే జామ్‌ల పేర్లన్నీ వరసగా చెక్కెయ్యమను. రాయి చాలదు."

"నవ్వులాటగా ఉందా? అది చచ్చిపోయిందిరా రాబీ."

నాకు తెలియదనుకుంది కాబోలు.

ముందు పోయినవాళ్ల పేరు పైన, మిగిలినవాళ్ల కోసం కింద జాగా. ఎక్కడైనా అంతే. మిగిలినవాడు పోయాక పిల్లలో మనవలో ఆలిక్ దగ్గరికి పోయి, ఫలానా తేదీ, చెక్కు బాబూ అంటారు. మాకు పిల్లల్లేరు. ఈసీ నాకంటే పన్నెండేళ్లు పెద్దది. కింద ఖాళీగా ఉండిపోయిన రాళ్లు మా చర్చి దొడ్లో ఉన్నాయి. ఆ చుట్టూ గడ్డి కోసేది నేనే కాబట్టి నాకు బాగా తెలుసు. దారినపోయే వాళ్లు ఆ జాగా చూసి, పాపం మొగుడు ఇంకా బతికే ఉన్నాడేమో అనుకుంటారు. నూట యాభై ఏళ్లుగా బతికే ఉన్నారు కొందరు.

సూపులో ఉప్పు సరిపోయింది.

ఏప్రిల్ 4

ఆలిక్‌కి చెప్పలేదు. రేపు చెబుతాను.

ఏప్రిల్ 9

కొత్త మనిషి.

నేను చర్చి దొడ్లో కొడవలికి సాన పెడుతున్నాను. పడవ మీద మోకాలు పోయాక చర్చివాళ్లు ఇచ్చిన పని ఇది. పోయినవాళ్లు ఫిర్యాదులు చెయ్యరు, నాకు నచ్చింది. చూస్తే పసుపు వానకోటు వేసుకున్న ఆడమనిషి ఒక పాత రాయి ముందు మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతో తడుముతోంది. నలభై ఉంటాయి. పక్కన సంచి నిండా కాగితాలు. వంశం వెతుక్కునే బాపతు. వేసవిలో వస్తారు, చలిలో ఎవరూ రారు. ఈమెకి తొందరెక్కువ అనుకున్నాను.

"ఆ పుర్రె, ఎముకలు చూశారా అమ్మా? సముద్రపు దొంగ. నలుగురు పెళ్లాలు."

ఆమె తల కూడా తిప్పలేదు. "పుర్రె అంటే అందరం పోతామని గుర్తు. పాత రాళ్లన్నిటి మీదా ఉంటుంది. పైగా కింద ఈయన పాస్టరు అని రాసుంది. ఆ నలుగురు పెళ్లాలు ఈయనకేనా?"

"అలాగైతే ఒకామెని వెనక్కి తీసుకుంటున్నా. ముగ్గురు."

అప్పుడు నవ్వింది. మనిషి నవ్వితే వినబడేంత దగ్గరగా కూర్చుని చాలా రోజులైంది.

న్యూజిలాండ్ నుంచి వచ్చిందట. పేరు నీన్ ప్రెంటిస్. నేను సరిగ్గా వినలేదనుకుని ఊరుకున్నాను. వాళ్లమ్మకి తాత, జాన్ మెయిర్ అనేవాడు, మా ఊరి నుంచే ఓడెక్కాడట.

"ఏ జాన్ మెయిర్?"

"ఎంతమంది ఉన్నారేంటి?"

"గట్టిగా ఆ పేరు పెట్టి పిలవండి. లేవగలిగినవాళ్లంతా లేస్తే ఆ గోడ పడిపోద్ది. మా ఊళ్లో మెయిర్ అంటే ఇంటిపేరు కాదమ్మా, వానలాంటిది, అందరి మీదా పడుద్ది. అందుకే అడ్డపేర్లు. అడ్డపేరు లేకపోతే పోస్ట్‌మాన్‌కే దిక్కులేదు. నాది గౌక్. అంటే కోకిల. మా వాడుకలో వెర్రివెధవ అని కూడా. మా ముత్తాత నుంచి వస్తోంది, రెండర్థాల్లోనూ."

ఆమె మొహం వెలిగిపోయింది. "అడ్డపేరు నాకు తెలుసండీ! తెలిసింది అదొక్కటే!" సంచిలోంచి ఒక కాగితం తీసింది, ఓడ ఎక్కినవాళ్ల పట్టికకి నకలు. జాన్ మెయిర్, జాలరి. అడ్డపేరు అన్న చోట వంకర అక్షరాల్లో: నీన్.

"ఆయన గుర్తుగా మా ఇంట్లో ఆడపిల్లలకి ఇదే పేరు పెడతారు. మా అమ్మమ్మ నీన్. మా అమ్మ నీన్. ఇప్పుడు నేను. ఎడింబరోలో కూర్చుని మీ చర్చి రిజిస్టర్లన్నీ చూశాను. బాప్తిజాల్లో బోలెడు అడ్డపేర్లున్నాయి గానీ నీన్ మాత్రం ఎక్కడా లేదు. మీరెప్పుడైనా విన్నారా?"

విన్నాను. రోజుకి పదిసార్లు వింటాను.

దగ్గొచ్చినట్టు నటించి గోడ వెనక్కి పోయాను.

మా మాటలో నీన్ అంటే ఏమీ లేదు అని. డబ్బాలో రొట్టె ఉందా? నీన్. రేవులో గుమాస్తా అడిగి ఉంటాడు: "నీ అడ్డపేరు?" వీడు చెప్పి ఉంటాడు: "నీన్." ఆ గుమాస్తా మా మాట రాని ఏ దక్షిణాది ఊరివాడో, చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. ఓడ కదిలింది. భూగోళానికి ఆ చివర మూడు తరాల ఆడపిల్లలు 'ఏమీ లేదు' అని బాప్తిజం పుచ్చుకున్నారు.

ఇంటికొచ్చి పొట్ట పట్టుకుని నవ్వాను. బల్ల మీద తల పెట్టి నవ్వాను. నవ్వుతూనే, "విన్నావుటే జెస్సీ" అని వంటింటి వైపు తిరిగాను.

కెటిల్ పెట్టుకున్నాను. మూత ఇంకా దొరకలేదు.

ఏప్రిల్ 10

ఆమె ఈసీ ఇంట్లోనే దిగింది. వేసవి వాళ్ల కోసం ఉంచిన పై గదిలో.

ఇవాళ గోడ పక్కన కూర్చుని కాగితాలన్నీ పరిచింది. గాలికి ఎగరకుండా నేను నాలుగు మూలలా రాళ్లు పెట్టాను. ఆ వయసుకి సరిపోయే జాన్ మెయిర్‌లు రిజిస్టర్లో ఏడుగురు. ఏడుగురిలో మీవాడెవడో కనిపెట్టాలంటే వాడి పెద్దకొడుకు పేరు చెప్పమన్నాను.

"రాబర్ట్. ఎందుకు?"

"పెద్దకొడుక్కి తాత పేరు పెడతారు, తండ్రి తండ్రిది. ఓడెక్కినా ఆ బుద్ధి పోదు. మీ జాన్ తండ్రి రాబర్ట్ అన్నమాట. తండ్రి రాబర్ట్ కానివాళ్లని కొట్టెయ్యండి."

ముగ్గురు మిగిలారు. ముగ్గురు రాబర్ట్ మెయిర్‌ల కొడుకులు, ముగ్గురు జాన్‌లు. రాబర్ట్‌ల్లో ఇద్దరి భార్యలు ఆన్‌లు. రిజిస్టరు రాసిన మహానుభావుడు ఆ ఏళ్లలో అడ్డపేర్లు రాయడానికి బద్ధకించాడు.

"పొద్దున్నే ఏడుగురు, ఇప్పుడు ముగ్గురు. సాయంత్రానికి ఒక్కడే మిగులుతాడు చూడండి" అంది. తన సాండ్‌విచ్ సగం తుంచి నాకిచ్చింది. లోపల ఈసీ చేసిన గుడ్డు. మామూలుగా ఈసీ గుడ్డు కుక్క కూడా తినదు.

నీన్ అంటే ఏమిటో చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ సాండ్‌విచ్ పెట్టుకున్నాను.

ఏప్రిల్ 11

సాయంత్రం రేవు బార్‌కి పోయాను. నవంబర్ తర్వాత ఇదే. తలుపు తీయగానే అందరూ ఆ మొహం పెట్టారు, పరామర్శ మొహం. పాపం గౌక్, ఎలా ఉన్నావ్, కూర్చో, కూర్చో. అని ఎవడి గ్లాసు వాడు చూసుకోవడం. ఎంతసేపని కూర్చుంటాం అలాగ?

అందుకని చెప్పాను. గుమాస్తా గొంతు ఒకటి, జాన్ గొంతు ఒకటి పెట్టి, టోపీ మార్చి మార్చి ఆడి చూపించాను. మూడు తరాల బాప్తిజాలు కూడా చేశాను, బీరుతో. పడి పడి నవ్వారు. ఒకడు కుర్చీ మీంచి జారాడు. మళ్లీ చెయ్యమంటే మళ్లీ చేశాను. నా బల్ల చుట్టూ అందరూ చేరారు.

ఇంటికి నడుస్తుంటే చాలా బాగుంది. గుమ్మం దాకా.

ఏప్రిల్ 12

వాన. బయటికి పోలేదు.

ఏప్రిల్ 13

ఈసీ తలుపు కొట్టలేదు, తోసుకొచ్చింది. సూపు లేదు.

"ఏమయ్యా, ఊరికి మంచి ఉపకారం చేశావు! రొట్టెల కొట్లో ఆ పిల్లని పట్టుకుని, 'మీకేం కావాలి మిస్ ఏమీ లేదు గారూ' అన్నార్ట. వెనకాల నుంచున్న వాళ్లంతా ఒకటే నవ్వు. అదేంటని అడిగితే వివరంగా చెప్పారు. గౌక్ చెప్పాడని కూడా చెప్పారు."

నేను మూత లేని కెటిల్ పొయ్యి మీద పెట్టాను.

"నా చెల్లెలు నిన్ను ఎలా భరించిందో ఇరవై ఏడేళ్లు."

"ఉప్పు టీ తాగి" అన్నాను. నవ్వుతుందని. నవ్వలేదు.

నీన్ రేవు గోడ మీద కూర్చుని ఉంది, సంచి ఒళ్లో. నేను కొంచెం ఎడంగా కూర్చున్నాను. తనే మాట్లాడింది.

"మొదటిరోజే తెలుసు కదూ మీకు? ఆ దగ్గు."

"తెలుసు."

"మంచి జోకే. నేను మీ చోట ఉంటే నేనూ చెప్పేదాన్ని." కళ్లు సముద్రం వైపే. "మా అమ్మ పోయేటప్పుడు గదిలో నేనొక్కదాన్నే. నాకు అక్కచెల్లెళ్లు లేరు. పెళ్లయింది, అదీ లేదు. అమ్మ అంది, మనవాళ్లు అక్కడున్నారే నీన్, నువ్వు ఒంటరిదానివి కాదు, వెళ్లి వాళ్ల రాయి మీద చెయ్యి పెట్టి రా అని. ఇంతదూరం వస్తే తెలిసిందేంటి? మనవాళ్లు లేరు. ఆయనకి ఒక ఎగతాళి పేరైనా పెట్టే దిక్కు లేదు ఈ ఊళ్లో. అదే కదా అర్థం? ఊరంతటికీ ఉంటే ఆయనకి లేదంటే?"

అలా కాదు అనబోయాను. కానీ అదే అర్థం. పరాయివాడికీ, ఎవరికీ పట్టనివాడికీ తప్ప మా దగ్గర అడ్డపేరు లేకుండా ఉండదు.

"ఎల్లుండి బస్సుకి పోతాను" అంది.

నా దగ్గర జోకు లేదు. జేబులన్నీ వెతుక్కున్నట్టు వెతుక్కున్నాను.

ఏప్రిల్ 14

ఎండ!

పొద్దున్నే జెస్సీ డ్రెస్సింగ్ బల్ల మీది అద్దం విప్పాను. మరలు తుప్పు పట్టాయి, నూనె పోసి తిప్పాల్సి వచ్చింది. అది దుప్పట్లో చుట్టుకుని ఈసీ ఇంటి కిటికీ కింద నిలబడి కేకేశాను.

"నీన్ గారూ! దిగి రండి. మీకు ఒక రాయి బాకీ ఉన్నాను."

పై కిటికీ లోంచి ఈసీ తల వచ్చింది. "అది నా చెల్లెలి అద్దం!"

"మొగుడితో సహా అన్నీ నీ చెల్లెలివే వదినా. ఆమెని పంపించు."

అరిగిపోయిన అక్షరాలు ఎదురెండలో కనబడవు. గీరితే రాయి పాడవుతుంది. అద్దం పట్టుకుని ఎండని రాతి మీదికి పక్కనుంచి వాల్చాలి, వెలుగు రాయిని రాసుకుంటూ పోవాలి. అప్పుడు చిన్న గుంటలో కూడా నీడ నిలబడుతుంది, అక్షరం లేచి కూర్చుంటుంది. ఇది నేను గడ్డి కోస్తూ నేర్చుకున్నది, టిఫిన్ డబ్బా మూతతో.

మా ముత్తాత రాయి ఉత్తరపు గోడ వారన ఉంది. చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. చూడటమంటే, అక్కడుందని తెలుసు. ఆమెని దాని ముందు కూర్చోబెట్టి నేను పక్కకి పోయి అద్దం వాల్చాను. మొదట అద్దం పక్కకి తిరిగి వెలుగు చెట్ల మీదికి పోయింది. తర్వాత కుదురుకుంది.

ఆమె పైకి చదివింది, ఒక్కో అక్షరం వేలితో తడుముతూ. "రాబర్ట్... మెయిర్. గౌక్. మీ పేరే! జాలరి, ఈ ఊరివాడు. మరియు అతని భార్య ఆన్..." ఆగిపోయింది. ఆన్ తర్వాత మంచుకి రాయి పెచ్చులూడింది. పుట్టింటి పేరు పోయింది.

"రాబర్ట్, ఆన్" అంది నెమ్మదిగా. "నా పట్టికలో ఉన్నారు."

"ఇంకా కిందకి చూడండి."

"కింద పాచి పట్టేసింది. ఏమీ కనబళ్లేదు."

"నాకు ఇటునుంచి కనబడుతోంది. వెలుగు ఇక్కణ్ణుంచి సరిగ్గా ఉంది. 'వారి కుమారుడు'..." అద్దం కొంచెం వంచాను. "'వారి కుమారుడు జాన్ సముద్రం ఆవల.' అంతే. తేదీ లేదు. ఎప్పుడు పోయాడో వీళ్లకి తెలియదు కదా."

ఆమె రాతికి ఇంకా దగ్గరగా జరిగింది. నేను అద్దం గడ్డిలో పెట్టి పక్కన కూర్చుని, ఆమె వేలు పట్టుకుని ఆ చోట ఆనించాను. "ఇదిగో జాన్ మొదటి అక్షరం. ఇక్కడ వంపు తెలుస్తోందా?"

"తెలుస్తోంది" అంది. "అవును. తెలుస్తోంది."

అరచెయ్యి మొత్తం ఆనించి అలాగే ఉండిపోయింది. నేను గడ్డి పీకుతూ కూర్చున్నాను, పీకాల్సిన గడ్డి కాకపోయినా.

చివరికి కళ్లు తుడుచుకుని అడగాల్సింది అడిగింది. "మరి ఈయన గౌక్‌ల కొడుకైతే, ఓడ దగ్గర అడ్డపేరు లేదని ఎందుకు చెప్పాడు?"

"ఎందుకేంటమ్మా! కొత్త దేశం పోతున్నాడు. గుమాస్తా కలం పట్టుకుని నీ అడ్డపేరేంటని అడిగాడు. వెర్రివెధవ అని ఎవడు చెప్పుకుంటాడు? నేనైనా అదే అంటాను, నీన్, ఏమీ లేదు బాబూ, రాసుకో అని."

ఒక్క క్షణం నా మొహం వంక చూసింది. తర్వాత మొదలెట్టింది నవ్వు. రాతిని పట్టుకుని నవ్వింది. బార్‌లో నవ్వినట్టు కాదు అది.

"అయితే మీరు నాకేమవుతారు?"

వేళ్ల మీద లెక్కేశాను. మా తాత, జాన్ అన్నదమ్ములు. మా నాన్న, మీ అమ్మమ్మ వాళ్ల పిల్లలు. నేనూ మీ అమ్మా ఆ పిల్లల పిల్లలం. అంటే మా ఊరి లెక్కలో మీ అమ్మకి అన్నలాంటివాణ్ణి.

"మామయ్యని" అన్నాను. పైకి అనేసరికి దగ్గొచ్చింది. ఈసారి దగ్గు నటన కాదు.

ఏప్రిల్ 15

నీన్ బస్సెక్కలేదు. శనివారం దాకా ఉంటుందట. ఆ ఆఖరి వరస ఇంకో చలికాలం ఆగదు, ఆలిక్ చేత లోతుగా చెక్కిద్దాం మామయ్యా అంది. చర్చివాళ్లని కూడా తనే అడిగింది. వాళ్లు నన్ను అడిగారు. మావాళ్ల రాయే కదా, నాకేం అభ్యంతరం అన్నాను.

మామయ్యా. ఇదేదో కొత్త టోపీలా ఉంది. అస్తమానం సర్దుకోవాలనిపిస్తోంది.

ఈసీ పాత్రలు కడుగుతూ నా వైపు తిరగకుండా అడిగింది. "మీ తాతకి జాన్ అనే అన్న ఉన్నాడా? మీ అమ్మ నోట ఎప్పుడూ వినలేదే."

"నువ్వు వినవు వదినా, చెబుతావు."

"ఊఁ" అంది. కడిగిన కప్పునే మళ్లీ కడిగింది.

ఏప్రిల్ 16

ఆలిక్ వచ్చాడు, ఉలుల సంచితో. నీన్‌ని ఈసీ పోస్టాఫీసుకి తీసుకుపోయింది.

ఆలిక్ పెద్దగా మాట్లాడడు. రాయి ముందు కూర్చుని ఆ చోట బొటనవేలితో తడిమాడు. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు. నన్ను చూశాడు. మళ్లీ రాయిని చూశాడు.

"ఇది లోతు చెయ్యాలి, అంతేనా?"

"అంతే. అరిగిపోయింది."

"అరిగిపోయింది" అన్నాడు. పెన్సిల్ తీశాడు. "ఏయే అక్షరాలు అరిగాయో చెప్పు."

చెప్పాను. రాసుకున్నాడు.

"జాన్ తర్వాత కామా ఉండేదా?"

"ఉండేది."

"ఈ రాయి మా తాత చెక్కింది. ఆయన కామాలు పెట్టేవాడు కాదు."

"అయితే ఉండేది కాదు."

"నేనూ అదే అనుకున్నా" అని ఉలి తీశాడు.

కాసేపు ఆ చప్పుడు వింటూ నిలబడ్డాను. టిక్ టిక్ మని, పిట్ట ముక్కుతో పొడిచినట్టు. ఆలిక్ తల ఎత్తకుండా, "జెస్సీ సంగతేం చేశావ్ గౌక్?" అన్నాడు.

సోమవారం చెబుతానన్నాను.

ఏప్రిల్ 18

వెళ్లిపోయింది.

బస్సుకి ముందు చర్చి దొడ్లోకి పోయాం, ఈసీ కూడా వచ్చింది. రాతి మీద కొత్త వరస తెల్లగా ఉంది, కొత్తగా వచ్చిన పన్నులా. నీన్ దానికి చెయ్యి ఆనించింది. తర్వాత ఈ పక్కకి వచ్చి జెస్సీ ఉన్నచోట, రాయి లేని ఆ గడ్డి దగ్గర నిలబడింది.

"అత్తయ్య రాయి ఎందుకు పెట్టలేదు మామయ్యా?"

ఈసీ నోరు తెరిచింది. నేను ముందే అందుకున్నాను. "జాగా ఎంత వదలాలో తేలక. కింద నా పేరు చెక్కమని చెప్పేవాళ్లు ఉండాలి కదా, నేను లేచొచ్చి చెప్పలేను. ప్రయత్నిస్తాను గానీ ఆలిక్‌కి గుండె బలహీనం."

"నేను చెబుతాను" అంది.

"నువ్వు భూమికి ఆ చివరుంటావు."

"జాన్ కూడా అక్కడే ఉన్నాడు. అయినా రాయించారు కదా మీవాళ్లు." కోటు గుండీ పెట్టుకుంటూ, ఏదో చిన్న పని ఒప్పుకున్నట్టు అంది. "ఈసీ అత్తయ్య నాకు కబురు పెడుతుంది, ఈసీ అత్తయ్య లేకపోతే ఇంకొకరు. నేను వస్తాను. రాబర్ట్ మెయిర్, గౌక్ అని చెక్కిస్తాను. ఆ గౌక్ మాత్రం వదిలేది లేదు."

"అది వదిలెయ్యవచ్చు" అన్నాను.

"ఎందుకు? వదిలేస్తే ఏమవుతుందో చూశాం కదా" అని నవ్వింది.

బస్సు కదిలాక ఈసీ నా పక్కనే నిలబడింది. "అత్తయ్య అంది నన్ను" అంది. ముక్కు తుడుచుకుంది. "ఇంటికి రా. సూపుంది."

ఏప్రిల్ 19

నీలం మేజోడుకి జత దొరికింది. పరుపు కింద ఉంది.

ఏప్రిల్ 20

ఆలిక్‌కి చెప్పాను. జెస్సీ ఫాల్కనర్, రాబర్ట్ మెయిర్ ప్రియమైన భార్య. కింద రెండు వరసల జాగా. "రెండా?" అన్నాడు. ఒకటి పేరుకి, ఒకటి అడ్డపేరుకి. అది ఒక వరసలోనే పడుతుంది కదా అన్నాడు. పడనీ, కాస్త విశాలంగా ఉండనీ అన్నాను.

మే 2

జెస్సీ రాయి నిలబెట్టాం. నున్నటి బూడిదరంగు రాయి. దాని మీద వాన పడితే నల్లగా మెరుస్తుంది, అప్పుడే తీసిన చేపలా. జెస్సీకి నచ్చేది. పేరు కింద జాగా చూశాను. భయం వెయ్యలేదు. నా కోసం ఎవరో కుర్చీ అట్టే పెట్టినట్టుంది.

అద్దం మళ్లీ బిగించాను. ఒక మర పోయింది, కొంచెం వంకరగా ఉంది. అందులో చూసుకుంటే నేను కూడా వంకరగానే ఉన్నాను. ఈ ఇంట్లో వేరుగా ఉండే హక్కు మేజోళ్లకి మాత్రమే ఎందుకని అలాగే వదిలేశాను.

నీన్ అక్కడికి చేరి ఉంటుంది. రోజూ అరచెయ్యి చూసుకుంటుందేమో, రాతి గరుకు ఇంకా ఉన్నట్టు. వాళ్లమ్మకి మాట ఇచ్చింది, నిలబెట్టుకుంది. ఈసీ ఇప్పుడు నన్ను 'నీ మేనకోడలు' అంటూ దెప్పుతోంది. నీ మేనకోడలు గుడ్డు బాగా తినేది, నీ మేనకోడలికి ఈ కప్పు ఇష్టం. దెప్పేటప్పుడు నా మొహం చూడదు. ఆలిక్ కూడా ఆ ఉత్తరపు గోడ వైపు పోడు.

ముగ్గురు రాబర్ట్‌లు కదా. మిగతా ఇద్దరి రాళ్లు కూడా ఇక్కడే ఎక్కడో ఉంటాయి, పాచి కింద. ఎండ ఉంది, అద్దం ఉంది. నేను చూడలేదు. చూడను. జాన్ మా గౌక్‌లవాడే కూడా అయి ఉండొచ్చు. రాబర్ట్ ఉన్నాడు, ఆన్ ఉంది. ఎందుకు కాకూడదు? వెర్రితనంలో పోలిక కూడా కలిసింది. ఇంకో నూరేళ్లకి ఎవరో కాగితాల సంచి పట్టుకుని వస్తారు, అద్దం వాలుస్తారు, ఆ వరస చదివి రాసుకుంటారు. అప్పటికి అదీ మిగతా వరసల్లాగే అరిగిపోయి, మిగతా వాటంత నిజమైపోతుంది.

ఇందుమూలముగా, ఈ డైరీకీ, ఈ డైరీ ఎవరిదో ఆ మనిషికీ మాత్రమే తెలియజేయడమేమనగా: ఉప్పు టీని బావుందని తాగినదానివి నువ్వు, నీకు ముందే తెలిసి ఉంటుంది. ఆ పూట నీ అద్దం సరిగ్గానే పట్టాను జెస్సీ. వెలుగు సరిగ్గానే పడింది. ఆన్ కింద పాచి మాటున రాయి నున్నగా ఉంది, మొదటిరోజు చెక్కకుండా వదిలినట్టే ఉంది. అక్షరం లేదు, గుంట లేదు, వంపు లేదు. 'వారి కుమారుడు జాన్ సముద్రం ఆవల' అన్నది నేను అల్లింది, అద్దం వంచుతూ అక్కడికక్కడ.

అక్కడ ఏముందో నిజంగా చెప్పాలంటే మనవాళ్ల మాట ఒక్కటి చాలు. నీన్.